మెయిలింగ్ లిస్టు మార్చేవారికి పది తలకిందుల సలహాలు

కొన్నేళ్ల కిందట ఒక పూర్వ విద్యార్థుల సంఘం మెయిలింగ్ లిస్టును మెయిల్‌మ్యాన్ 2 అనే సాఫ్ట్‌వేర్ నుంచి మెయిల్‌మ్యాన్ 3కి మార్చే పని నా మీద పడింది. హైదరాబాద్, విజయవాడ మొదలుకొని డాలస్, న్యూజెర్సీ దాకా వెయ్యి మందికి పైగా సభ్యులున్నారు. శనివారం రాత్రి పాత సర్వర్ నుంచి చిరునామాలన్నీ ఒక ఫైల్లోకి దించి, కొత్త సర్వర్లోకి ఎక్కించాను. ఇక్కడెన్నో అక్కడా అన్నే ఉన్నాయి. పని అయిపోయిందనుకుని పడుకున్నాను.

తెల్లారేసరికి రిటైరైన లెక్కల మాస్టారి నుంచి ఉత్తరం వచ్చింది. "మూడేళ్ల కిందట నేనే కట్టేసుకున్న కుళాయి ఇది బాబూ. నన్నడక్కుండా ఎవరు తిప్పారు?"

ఆయన సభ్యత్వం వదులుకోలేదు. ఉత్తరాలు రాకుండా మాత్రం ఆపుకున్నారు. నేను దించిన ఫైల్లో ఆయన చిరునామా ఉంది, ఆ ఆపుదల లేదు. అలా ఆపుకున్నవారు ఆయన ఒక్కరే కాదని ఆ రోజంతా వచ్చిన ఉత్తరాలు చెప్పాయి.

ఆ తర్వాత ఇలాంటి మార్పిళ్లు ఇంకొన్ని చేశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పే సలహాలు మొదట తలకిందులుగా వినిపిస్తాయి. అవన్నీ ఒకే మాట మీద నిలబడ్డవి. లిస్టులో అన్నిటికన్నా విలువైనది ఆ మనిషి మనకు చెప్పిన మాట. "పంపండి" అన్న మాట పోతే మళ్లీ అడిగి తెచ్చుకోవచ్చు. "వద్దు" అన్న మాట పోగొట్టుకుంటే మాత్రం మనం మాట తప్పినట్టే. అది ఎవరికి తెలిసినా తెలియకపోయినా అంతే.

1. ముందుగా వెళ్లిపోయినవాళ్లను ఎక్కించండి

అందరూ ఉన్నవాళ్లతో మొదలుపెడతారు. మీరు లేనివాళ్లతో మొదలుపెట్టండి.

మెయిల్‌మ్యాన్ 2లో ఎవరైనా లిస్టు వదిలి వెళ్తే వారి వివరాలు అక్కడితో చెరిగిపోతాయి. వెళ్లినవారి జాబితా అంటూ విడిగా ఉండదు. ఆనవాలు మిగిలేది ఒక్కచోటే, లాగ్స్ ఫోల్డర్లో "సబ్‌స్క్రైబ్" అనే ఫైల్లో. ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు తొలగారో అందులో వరుసగా రాసి ఉంటుంది. చాలా సర్వర్లలో ఈ లాగ్ ఫైళ్లు కొంతకాలానికి కుదింపులోకి వెళ్తాయి, ఆ తర్వాత చెరిగిపోతాయి. అందుకే మార్పిడి ఆలోచన పుట్టిన రోజే వాటిని పక్కకు తీసి దాచాలి.

ఆ లాగ్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. 2012లో వెళ్లిపోయి 2015లో మళ్లీ చేరినవారు ఉంటారు. కనక ఒక్కొక్కరి విషయంలో అన్నిటికన్నా చివర జరిగినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

పీహెచ్‌పీలిస్ట్ లాంటి వార్తాలేఖల సాఫ్ట్‌వేర్లో వద్దన్నవారికి విడిగా బ్లాక్‌లిస్ట్ పట్టిక ఉంటుంది. సభ్యుల పట్టికను మాత్రమే మోసుకెళ్లినవారు దాన్ని వదిలేసి వస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్లో అలాంటి సదుపాయం ఉంటే మొదటి సభ్యుణ్ని ఎక్కించకముందే దాన్ని నింపండి. లేకపోతే వద్దన్నవారి ఫైలును మీ దగ్గరే ఉంచుకుని, ఎక్కించబోయే ప్రతి ఫైలునూ దానితో పోల్చండి. ముందు కాపలా పెట్టి తర్వాత తలుపు తీస్తే, ఏ పాత ఫైల్లోంచి ఏ పాత పేరు తిరిగొచ్చినా గడప దగ్గరే ఆగిపోతుంది.

2. చిరునామాల ఫైలు తయారుచేయకండి

నా తప్పు ఇదే. మెయిల్‌మ్యాన్ 2లో "లిస్ట్ మెంబర్స్" అనే కమాండ్ ఉంది. అది చిరునామాలను వరుసకొకటిగా చక్కగా ఇస్తుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, మోయడానికి తేలికగా ఉంటుంది. ఆ తేలిక ఎక్కడిదంటే, బరువైనదంతా వెనక వదిలేయడం వల్ల వచ్చింది.

అసలు సంగతి ప్రతి లిస్టు ఫోల్డర్లోనూ ఉండే "కాన్ఫిగ్ పీసీకే" అనే ఫైల్లో ఉంటుంది. ఉత్తరాలు ఆగిపోయిన సభ్యుడికి అవి ఎందుకు ఆగాయో కూడా అందులో ఉంటుంది. తానే ఆపుకున్నారా, నిర్వాహకులు ఆపారా, ఉత్తరాలు తిరిగొస్తుంటే సాఫ్ట్‌వేరే ఆపిందా, కారణం తెలియదా అని నాలుగు రకాలు. వీటితోపాటు రోజువారీ మూట కావాలన్నారా, విడివిడి ఉత్తరాలు కావాలన్నారా, సభ్యుల జాబితాలో తమ పేరు కనిపించవద్దన్నారా అన్నవి కూడా. మెయిల్‌మ్యాన్ 3లో "ఇంపోర్ట్ 21" అనే కమాండ్ ఈ ఫైలునే నేరుగా చదువుతుంది. అడ్డదారి తొక్కకుండా దాన్నే వాడండి.

తిరిగొచ్చిన ఉత్తరాల సంగతి చిన్నది కాదు. మెయిల్‌మ్యాన్ 2.1 మామూలు అమరికలో తిరుగుటపాకు మార్కులు వేస్తుంది. 5 మార్కులకు ఆ చిరునామాకు ఉత్తరాలు ఆపేస్తుంది. తర్వాత వారానికొకటి చొప్పున 3 హెచ్చరికలు పంపి తొలగిస్తుంది. ఏళ్ల తరబడి చేసిన ఈ ఏరివేతను ఒక్క చిరునామాల ఫైలు తుడిచిపెడుతుంది. కొత్త సర్వర్ మొదటి రోజే చచ్చిపోయిన చిరునామాల తలుపులు వరసగా తడుతుంది. పేరు లేని కొత్త సర్వర్ అలా చేస్తే, స్పామ్ పంపేవాడు వచ్చాడని అవతలి మెయిల్ సంస్థలు అనుకుంటాయి.

మొత్తం అంకె సరిపోయిందని కూడా నమ్మకండి. నాకూ సరిపోయింది. ఉత్తరాలు అందుకుంటున్నవారు ఎందరు, తామే ఆపుకున్నవారు ఎందరు, తిరుగుటపా వల్ల ఆగినవారు ఎందరు, ధ్రువీకరణ ఉత్తరానికి ఇంకా జవాబివ్వనివారు ఎందరు అని విడివిడిగా లెక్కపెట్టండి. ఒక్కో గదిలో అంకె సరిపోతేనే ఇల్లు మారినట్టు.

3. వచ్చేవాళ్లకు తలుపు మూయండి, వెళ్లేవాళ్లకు తెరిచే ఉంచండి

పాత సర్వర్ నుంచి డేటా దించిన ఘడియకూ కొత్త సర్వర్ పని మొదలుపెట్టిన ఘడియకూ మధ్య కొన్ని గంటలో, ఒక రోజో పడుతుంది. ఆ వ్యవధిలో జరిగింది దించిన డేటాలో ఉండదు. అందుకని చాలామంది రెండు తలుపులూ మూసేస్తారు.

చేరేవాళ్లను ఆపండి. వారిని రేపు రమ్మంటే ఏ నష్టమూ లేదు. వెళ్లిపోతానన్నవారిని మాత్రం ఒక్క గంట కూడా ఆపవద్దు. పాత సర్వర్లో వైదొలగే పేజీని పనిచేయనివ్వండి. కొత్తది మొదలయ్యాక, డేటా దించిన క్షణం నుంచి లాగ్‌లో నమోదైన తొలగింపులన్నీ తీసుకుని కొత్తదాంట్లో మళ్లీ జరిపించండి. పావుగంట పని.

4. పాత సర్వర్‌ను ఆపకండి

కొత్తది నడుస్తోంది కదా, పాతదాని అద్దె దండగ అనిపిస్తుంది. కానీ మీరు ఇన్నేళ్లలో పంపిన ప్రతి ఉత్తరం అడుగునా పాత లింకు ఉంది. ఎవరో ఆరు నెలల కిందటి ఉత్తరం తెరిచి, ఇక చాలనుకుని, ఆ లింకు నొక్కుతారు. పేజీ దొరకలేదని వస్తుంది. అప్పుడు వారికి మిగిలేది స్పామ్ బటనే.

1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2369 ప్రమాణం ప్రకారం లిస్టు ఉత్తరాల తలకట్టులోనే వైదొలగే చిరునామా పెట్టవచ్చు. 2017లో ఆర్ఎఫ్‌సీ 8058 దాన్ని ఒక్క నొక్కుతో అయ్యే పనిగా మార్చింది. 2024 నుంచి, రోజుకు 5,000కు పైగా ఉత్తరాలు జీమెయిల్ ఖాతాలకు పంపేవారు ప్రచార ఉత్తరాల్లో ఈ ఒక్క నొక్కు సదుపాయం తప్పనిసరిగా పెట్టాలని గూగుల్ నిబంధన తెచ్చింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని కూడా చెప్పింది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం వ్యాపార ఉత్తరాల విషయంలో, ఉత్తరం పంపాక కనీసం 30 రోజులపాటు వైదొలగే మార్గం పనిచేయాలంటుంది. ఐరోపా జీడీపీఆర్, మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రెండూ ఒప్పుకోవడం ఎంత సులువో ఆ ఒప్పుదల వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలంటాయి.

చట్టం 30 రోజులంటే మీరు ఏడాది ఉంచండి. పాత చిరునామాకు వచ్చినవారిని కొత్త పేజీకి మళ్లించే చిన్న సర్వర్ చాలు. అది కూడా కుదరకపోతే, పాత పేజీ చోట "మీ చిరునామా రాయండి, మేమే తొలగిస్తాం" అని ఒక పెట్టె ఉంచినా మేలే.

5. ముందే నకళ్లు ఏరెయ్యకండి

ఒకే మనిషి రెండుసార్లు కనబడితే ఒకటి తీసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఆ రెండింటిలో ఒకటి "వద్దు", ఇంకొకటి "పంపండి" అయి ఉండవచ్చు. కంటికి మొదట కనబడినదాన్ని ఉంచితే, ఏది నిలబడుతుందో పాచిక వేసినట్టే.

ముందు రెంటినీ అలాగే మోసుకెళ్లండి. తర్వాత తేదీలు చూడండి. తేదీ తేల్చకపోతే "వద్దు" నెగ్గాలి.

మైఎస్‌క్యూఎల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారేవారు ఇంకొకటి చూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో ఇంగ్లీషు పెద్దక్షరాలనూ చిన్నక్షరాలనూ ఒకటిగానే చూస్తుంది. పోస్ట్‌గ్రెస్ వేరువేరుగా చూస్తుంది. పాతదాంట్లో ఒక్కరైన మనిషి కొత్తదాంట్లో ఇద్దరుగా చేరగలరు. పెద్దక్షరంతో రాసిన చిరునామా "వద్దు"లో ఉండి, చిన్నక్షరంతో మళ్లీ చేరితే కాపలావాడు గుర్తుపట్టడు. పోల్చేటప్పుడు రెంటినీ చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చండి.

6. ఫైలు తెరిచి చూడకండి

ఎక్సెల్‌లో తెరిచి ఒకసారి చూసి సేవ్ చేద్దామనుకోవడం అందరికీ అలవాటే. ఎక్సెల్ అడక్కుండానే సాయం చేస్తుంది. సభ్యత్వ సంఖ్య ముందున్న సున్నాలను తీసేస్తుంది, పొడవాటి ఫోన్ నంబర్లను గణిత సంకేతాల్లోకి మారుస్తుంది, రోజునూ నెలనూ తారుమారు చేయగలదు. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును యూటీఎఫ్-8గా గుర్తుపట్టకపోతే అక్షరాలన్నీ చెదిరిపోతాయి. చూడాలంటే మామూలు టెక్స్ట్ ఎడిటర్లో, ఫైలు నకలులో చూడండి.

తెలుగు పేర్లున్న లిస్టుకు ఈ ప్రమాదం ఎక్కువ. పాత డేటాబేస్‌లో పట్టిక మీద లాటిన్-1 అని చీటీ అంటించి ఉంటుంది, లోపల ఉన్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. పాత సాఫ్ట్‌వేర్ ఎలా రాసిందో అలాగే చదివేది కాబట్టి తెర మీద తెలుగు సరిగ్గానే కనబడేది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ చీటీని నమ్మి మార్పిడి చేస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు. ఆ మూడూ మూడు వేర్వేరు గుర్తులుగా విడిపోతాయి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఎ, దాని పక్కన డిగ్రీల సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఆ పక్కన ఇంకో గుర్తు, మళ్లీ అదే ఎ... ఈ వరుస కనబడితే జరిగింది ఇదేనని తెలుసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో అయితే పేర్లున్న ఆ గడిని మొదట ఉత్త బైట్ల రకానికి, అక్కణ్నుంచి యూటీఎఫ్-8 ఎంబీ-4కు మార్చాలి. నేరుగా మారిస్తే చెడుతుంది.

గడి వెడల్పు కూడా చూసుకోండి. రామారావు అనే పేరులో 8 సంకేతాలు, అంటే 24 బైట్లు. 20 బైట్ల గడిలో అది "రామారా" దగ్గర తెగి, తర్వాత రెండు బైట్ల తునక మిగులుతుంది.

కనిపించని అక్షరాలను శుభ్రం చేస్తామనే స్క్రిప్టులను మాత్రం దగ్గరికి రానివ్వకండి. విక్రమ్‌రెడ్డి అనే పేరులో "మ్"కూ "రె"కూ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటుంది. దాన్ని తీసేస్తే పేరు "విక్రమ్రెడ్డి" అయిపోతుంది. ఎవరి పేరైనా వాళ్లు రాసుకున్నట్టే కొత్తింటికి చేరాలి.

7. పాస్‌వర్డ్‌లను వదిలేయండి

సభ్యులకు ఏ ఇబ్బందీ రాకూడదని పాస్‌వర్డ్‌లు కూడా మోసుకెళ్లాలనుకుంటాం. మెయిల్‌మ్యాన్ 2 సభ్యుల పాస్‌వర్డ్‌లను రహస్య రూపంలోకి మార్చకుండా ఉన్నదున్నట్టే దాచేది. మామూలు అమరికలో ప్రతి నెలా 1వ తేదీన వాటిని ఉత్తరంలో పంపి గుర్తుచేసేది. చాలామంది అదే పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడో కూడా వాడి ఉంటారు. ఆ ఫైలు మీ ల్యాప్‌టాప్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఒక రోజు ఉన్నా ప్రమాదమే.

మెయిల్‌మ్యాన్ 3లో వెబ్ ఖాతాలు వేరుగా ఉంటాయి. సభ్యులు తమ పాత చిరునామాతోనే కొత్త ఖాతా తెరిస్తే, వారి సభ్యత్వాలు అందులో కనబడతాయి. ఖాతా తెరిచే మెట్లను బొమ్మలతో రాసి ముందుగానే పంపండి. మార్పిడి పూర్తయ్యాక పాత ఫైలును ఎక్కడెక్కడ నకలు తీశారో గుర్తుచేసుకుని, ఒక్కటీ మిగలకుండా చెరపండి.

8. స్వాగతం చెప్పకండి

కొత్త సభ్యుడు చేరగానే స్వాగత పత్రం పంపడం సాఫ్ట్‌వేర్ ధర్మం. పదేళ్లుగా ఉన్న మనిషి దానికి ఆ రాత్రి కొత్తవాడే. వెయ్యి మందికి ఒక్కసారిగా స్వాగతాలు వెళ్తాయి. సగం మంది ఎవరో తమను అడక్కుండా ఎక్కడో చేర్చారనుకుంటారు. ఎక్కించే ముందే ఆ అమరికను ఆపండి.

చెప్పాల్సింది పాత సర్వర్ నుంచి, రెండు వారాల ముందు చెప్పండి. ఫలానా తేదీ నుంచి ఉత్తరాలు ఈ చిరునామా నుంచి వస్తాయి, మీ అమరికలు అలాగే ఉంటాయి, ఏదైనా తేడా కనబడితే ఫలానావారికి రాయండి అని. అలవాటైన గొంతు చెబితే నమ్ముతారు. కొత్త సర్వర్ నుంచి మొదటి ఉత్తరాలు కూడా అందరికీ ఒక్క గంటలో పంపకండి. ఎక్కువగా మాట్లాడే వంద మందితో మొదలుపెట్టి, తిరుగుటపా చూసుకుంటూ పెంచండి.

9. మొదటి రెండుసార్లు చెరిపేయడానికే చేయండి

ఒక్క రాత్రిలో ఒక్కసారే చేద్దామనే తొందర ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. మెయిల్‌మ్యాన్ 3.0 2015 ఏప్రిల్‌లోనే వచ్చినా, మెయిల్‌మ్యాన్ 2 నడిచే పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయేదాకా చాలామంది కదల్లేదు. ఏళ్లు వాయిదా వేసిన పనిని చివరికి ఒక శనివారంలో ముగించాలనుకుంటాం.

మొదటిసారి చేసి, తప్పులు రాసుకుని, చెరపండి. రెండోసారి ఆ తప్పులు సరిచేసిన పద్ధతిలో చేసి, ఎంతసేపు పట్టిందో చూసుకుని, మళ్లీ చెరపండి. మూడోది అసలైనది. రిహార్సల్ సర్వర్ నుంచి ఒక్క ఉత్తరం కూడా బయటికి పోకుండా కట్టడి చేయండి. చిరునామాల చివరి భాగాన్ని "డాట్ ఇన్‌వాలిడ్" అని మార్చండి. 1999 నాటి ఆర్ఎఫ్‌సీ 2606 ఆ ముగింపును ఎప్పటికీ చెల్లని పేర్ల కోసమే పక్కనపెట్టింది. దాని చివర నిజమైన మనిషి ఎప్పటికీ ఉండడు.

10. డేటాను వెనక్కి తీసుకెళ్లినా "వద్దు"లను వెనక్కి తీసుకెళ్లకండి

ఏదైనా తేడా వస్తే పాత బ్యాకప్‌కు తిరిగి వెళ్లగలగాలి. అది అందరూ చెప్పే సలహా, మంచిదే. కానీ శనివారం బ్యాకప్‌కు బుధవారం తిరిగి వెళ్తే, ఆది, సోమ, మంగళవారాల్లో వైదొలగినవారందరూ మళ్లీ సభ్యులైపోతారు. బ్యాకప్‌కు శనివారం తర్వాత ఏం జరిగిందో తెలియదు.

అందుకని వద్దన్నవారి జాబితాను డేటాబేస్ బయట విడి ఫైలుగా ఉంచండి. ప్రతి రోజూ దానికి కొత్తవి కలపండి. బ్యాకప్ నుంచి ఎప్పుడు తిరిగి తెచ్చినా, ఉత్తరాలు పంపే మీట నొక్కకముందే ఆ ఫైలును మళ్లీ అమలుచేయండి. మార్పిడి సమయానికే కాదు, డిస్క్ పాడైన రోజుకూ ఇదే పద్ధతి. తమ వివరాలన్నీ చెరపమని అడిగినవారి చిరునామాను ఆ ఫైల్లో అక్షరాలుగా ఉంచకుండా, హ్యాష్ రూపంలో ఉంచితే సరిపోతుంది. పోల్చడానికి అది చాలు. అయితే హ్యాష్ కూడా వ్యక్తిగత సమాచారమేనని గుర్తుపెట్టుకుని భద్రంగా దాచండి.

మాస్టారికి ఆ ఆదివారమే ఫోన్ చేసి క్షమించమని అడిగాను. రాత్రి లెక్క సరిపోయిందని, ఇప్పుడు కుళాయి కట్టేశానని చెప్పాను. "లెక్క సరిపోయిందని చెప్పావు కదా, ఏ లెక్క?" అని మాత్రం అడిగారు. ఇప్పుడు ఏ లిస్టు మార్చినా, ఎక్కించడం పూర్తయ్యాక తామే ఆపుకున్నవారిలోంచి ఒక ఇరవై మందిని తీసి, కొత్త సర్వర్లో ఒక్కొక్కరి పేరు పక్కన ఏముందో కళ్లతో చూస్తాను. ఇరవైకి ఇరవై చోట్లా "తానే ఆపుకున్నారు" అని కనబడితేనే ఉత్తరాలు వదులుతాను.